ఓడిన ఆటలను తిరిగి చదువుకోవడానికి లీచెస్ ఎంతవరకు పనికొస్తుంది?

నేను నెల్లూరులో ఒక జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో వదిలేసిన చదరంగాన్ని నలభయ్యో ఏట మళ్లీ పట్టుకుని, వీలు చిక్కినప్పుడల్లా నెల్లూరు, కావలి, ఒంగోలుల్లో జరిగే వారాంతపు టోర్నమెంట్లలో ఆడుతున్నాను. గత ఏడాదిన్నరగా నా ఆటలను నేనే తిరిగి చూసుకోవడానికి లీచెస్ అనే ఉచిత ఆన్‌లైన్ చదరంగ సేవలోని విశ్లేషణ పరికరాలను వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ పరికరాలకే పరిమితం. అక్కడ ఆడే మూడు నిమిషాల ఆటల గురించి గానీ, పజిళ్ల గురించి గానీ ఇందులో రాయడం లేదు. మన వైపు కొందరు లైచెస్ అనీ, కొందరు లిచెస్ అనీ పలుకుతారు గానీ, ఆ సైటువారు చెప్పే ఉచ్చారణ లీచెస్.

దీనిని 2010లో తిబో డ్యుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఇప్పుడు అది ఫ్రాన్స్‌లో లాభాపేక్ష లేని సంస్థగా, విరాళాల మీద నడుస్తోంది. ప్రకటనలు లేవు, డబ్బు కడితేనే తెరుచుకునే గదులు లేవు. విరాళం ఇచ్చినవారి పేరు పక్కన ఒక చిన్న రెక్క గుర్తు కనబడుతుంది, అంతే. సమీక్షల్లో ధర గురించి చివర రాయడం ఆనవాయితీ కానీ, ఇక్కడ ధరే లేదు కనుక ఆ సంగతి ముందే తేల్చేస్తున్నాను.

అంతకుముందు నేను ఒక ఆన్‌లైన్ శిక్షణ తరగతికి ఆరు నెలల రుసుము కట్టాను. దాని పేరు ఇక్కడ అనవసరం. వారు వారానికొక ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల వరుస) ఫైలు పంపి, ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టమనేవారు. నేను ఓడిపోయిన ఆటల స్కోర్ షీట్లు పంపితే "తప్పకుండా చూస్తాం సార్" అనేవారు గానీ, ఆరు నెలల్లో ఒక్కటీ చూడలేదు. నా ప్రత్యర్థులేమో ఆ ఫైలులోని దారిని ఏడో ఎత్తుకో ఎనిమిదో ఎత్తుకో వదిలేసి తమకు తోచినట్టు ఆడేవారు; అక్కడి నుంచి ఏ పావును ఎటు నడపాలో, ఎందుకు నడపాలో నాకు తెలిసేది కాదు. నాకు లేనిది ఓపెనింగ్ జ్ఞానం కాదని, ఓపెనింగ్ అయిపోయాక ఏం చేయాలన్న ఆలోచన అని గ్రహించడానికి ఆ ఆరు నెలలూ పట్టాయి.

ముడిసరుకు మాత్రం ఆటగాడి చేతిలో ఎప్పుడూ ఉంటుంది. ఎక్కువ సమయముండే క్లాసికల్ ఆటల్లో ఎత్తులు రాసుకోవడం ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) నిబంధనల ప్రకారం తప్పనిసరి. స్కోర్ షీట్ మీద గడియారంలో మిగిలిన సమయం రాసుకోవడానికి కూడా అవే నిబంధనలు అనుమతిస్తాయి, అయినా మన టోర్నమెంట్లలో ఆ పని చేసేవారిని చాలా తక్కువగా చూశాను. నేను అయిదు ఎత్తులకొకసారి మిగిలిన నిమిషాలను అంచున రాస్తాను. ఇంటికి వచ్చాక లీచెస్‌లో 'స్టడీ' అనే నోటుపుస్తకం తెరిచి ఆటను ఎక్కిస్తాను. ఒక స్టడీలో 64 అధ్యాయాలు పెట్టుకోవచ్చు. ఆటకొక అధ్యాయం చొప్పున నాకు రెండేళ్లకు సరిపోతుంది. దానిని మనకు మాత్రమే కనబడేలా ఉంచుకోవచ్చు, కావాలంటే ఒకరిద్దరు మిత్రులను లోపలికి పిలవవచ్చు. ఎత్తులను ఒక్కొక్కటిగా చేత్తో నడిపి ఎక్కించాలి కాబట్టి నలభై ఎత్తుల ఆటకు పావుగంట పడుతుంది, సమయం కరిగిపోతున్నప్పుడు గీకిన అక్షరాలు నాకే అర్థం కాకపోతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నిబంధనకు పొసగని ఎత్తును బోర్డు ఒప్పుకోదు, అందువల్ల డి7కు (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతుంది) వెళ్లింది ఏ గుర్రమో తేల్చుకోవడానికి ఆటను మళ్లీ మనసులో ఆడుకోవలసి వస్తుంది. మొదట్లో ఇది విసుగు పుట్టించింది. ఇప్పుడు ఆ పావుగంటలోనే సగం తప్పులు కంటబడుతున్నాయి.

ఆట ఎక్కించిన తర్వాత ఏ మీట ముందు నొక్కుతామన్న దాని మీదే ఈ సేవ మనకు గురువు అవుతుందా, పరీక్షా ఫలితాల కాగితం అవుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. వేలు సహజంగానే ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రామ్) మీట వైపు వెళ్తుంది. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, సెకన్లలో అంచనా చెబుతుంది. సర్వర్‌ను అడిగితే ఆట మొత్తాన్ని పరిశీలించి, గ్రాఫ్ గీసి, తప్పిన ఎత్తులకు స్థాయిని బట్టి గుర్తులు పెట్టి, ఖచ్చితత్వం ఇంత శాతమని కూడా చెబుతుంది. 'మీ తప్పుల నుంచి నేర్చుకోండి' అన్న మీట నొక్కితే గుర్తు పడ్డ ప్రతి చోటా మనల్ని నిలబెట్టి సరైన ఎత్తు కనుక్కోమంటుంది. గుర్రం ఫోర్కు (ఒకేసారి రెండు పావుల మీద దాడి) చూడకపోవడం, వెనుక వరుసలో కట్టు పడుతుందని గమనించకపోవడం వంటి లోపాలకు ఇంతకంటే మంచి వైద్యం లేదు. నేను కూడా తొలి రెండు నెలలు ఇదే చేసి, మందు తాగుతున్నాను కాబట్టి జబ్బు తగ్గుతోందనుకున్నాను.

ఆ భ్రమ ఒంగోలులో ఆడిన ఒక ఆటతో పోయింది. నేను నల్లపావులతో ఆడుతున్నాను. తెల్లపావులవారు మంత్రి గ్యాంబిట్ అనే ఓపెనింగ్‌లో ఎరగా పెట్టిన సి బంటును కొట్టకుండా నిరాకరించాను, తెల్లవారు ఆ సి బంటుతో డి5లో కొట్టారు, నేను ఇ బంటుతో తిరిగి కొట్టాను. దీనిని ఎక్స్‌చేంజ్ వేరియేషన్ అంటారు. బంట్ల అమరిక అక్కడితో ఖరారైపోతుంది: నాకు డి5లోనూ సి6లోనూ బంట్లు, తెల్లవారికి డి4లోనూ ఇ3లోనూ బంట్లు. మంత్రి వైపున నాకు ఎ, బి, సి బంట్లు మూడు ఉంటే, వారికి ఎ, బి బంట్లు రెండే. ఆ రెండింటితోనే వారు నా మూడింటి మీదికి వస్తారు. అందుకే దీనికి మైనారిటీ దాడి అని పేరు. ఏనుగును బి1లో పెట్టి, బి బంటును బి4కు, అక్కడి నుంచి బి5కు తోస్తారు. నేను సి6 బంటుతో కొడితే నా డి5 బంటు ఒంటరిదవుతుంది. వారే సి6లో కొట్టేదాకా ఊరుకుంటే, బి7 బంటుతో తిరిగి కొట్టిన తర్వాత ఆ సి6 బంటు వెనుకబడి, తెరుచుకున్న సి వరుసలో ఏనుగులకు ఆహారమవుతుంది. నా ఆటలో జరిగింది ఈ రెండోది. ముప్పై ఎనిమిదో ఎత్తుకు సి6 బంటు పోయింది, యాభయ్యో ఎత్తుకు నేను చేయి కలిపి లేచాను.

ఇంటికి వచ్చి సర్వర్ విశ్లేషణ అడిగితే వచ్చిన ఫలితం నన్ను కంగారు పెట్టింది. ముప్పై ఏడో ఎత్తు వరకు నా వైపు పెద్ద తప్పు ఒక్కటి కూడా లేదు. ఖచ్చితత్వం 87 శాతం. ముప్పై ఎనిమిదో ఎత్తు దగ్గర ఒకే ఒక్క ఎర్ర గుర్తు, అదీ అప్పటికే తప్పించలేని నష్టాన్ని కాస్త ముందుగా ఇచ్చినందుకు. గుర్తులనే నమ్మితే నేను మొదటి ముప్పై ఏడు ఎత్తులు బాగా ఆడి, ఒక్కచోట కాలు జారినట్టు.

లెక్కల మాస్టారిని కనుక కారణం వెతికాను. ఆ గుర్తులు ఒక్క ఎత్తుతో గెలుపు అవకాశం ఎంత పడిపోయిందన్న దానిని బట్టి పడతాయి. నా ఆటలో అంచనా తెల్లవారికి అనుకూలంగా (1 అంటే దాదాపు ఒక బంటు ఆధిక్యం) 0.2 నుంచి 0.4కు, 0.4 నుంచి 0.7కు, ఆపైన 1.1కు జరుగుతూ వెళ్లింది. ఏ ఒక్క మెట్టూ గుర్తు పడేంత ఎత్తు లేదు గానీ, అన్ని మెట్లూ కలిస్తే ఆట పోయింది. వ్యూహంలో చేసే తప్పు చాలాసార్లు ఈ రూపంలోనే ఉంటుంది: పావు పోదు, కట్టు పడదు, పది పన్నెండు ఎత్తుల పాటు ఏమీ చేయకుండా కూర్చుంటాం. చెరువు కట్ట తెగితే ఊరంతా చూస్తుంది, ఊట పోతుంటే ఎవరికీ కనబడదు. అందువల్ల ఈ సేవను వ్యూహం కోసం వాడేవారు గుర్తులను పక్కన పెట్టి గ్రాఫ్ వాలును చూడాలని నా అభిప్రాయం. గీత ఎక్కడ నెమ్మదిగా వంగడం మొదలైందో ఆ ఎత్తుకు వెళ్లి, అక్కడ నేను ఏమనుకున్నానో గుర్తు చేసుకోవాలి.

గుర్తు చేసుకోవడమన్నది చెప్పినంత తేలిక కాదు. ఇంజిన్ జవాబు ఒకసారి చూశాక మన పాత ఆలోచన మనకే దక్కదు. "నాకు కూడా ఆ ఎత్తు తట్టింది" అని మనసు అబద్ధమాడుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది కావలిలో ఉండే ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. ఆయన నాకంటే పాతికేళ్లు పెద్ద, నాకంటే బాగా ఆడతారు, కంప్యూటర్‌ను మాత్రం మిషను అంటారు. నా స్టడీలోకి ఆయనను పిలిచి ఆ ఒంగోలు ఆట చూపించినప్పుడు నేను ఇంజిన్ చెప్పిన దారులన్నీ వరుసగా ఎక్కించి ఉంచాను. ఆయన ఫోన్ చేసి, "మాస్టారూ, మిషను ఏమంటుందో నాకూ తెలుసులెండి. వాళ్లు ఏనుగును బి1కు తెచ్చినప్పుడు మీరేమనుకున్నారో అది రాయండి ముందు" అన్నారు. నాకు ఏమీ గుర్తు రాలేదు. చాలాసేపటికి, "ఏమీ అనుకోలేదండీ, ఏనుగు ఊరికే జరిగిందనుకున్నాను" అని ఒప్పుకున్నాను. ఆయన నవ్వకుండా ఆ అధ్యాయం కింద ఒక వ్యాఖ్య రాశారు: "పదో ఎత్తుకు ఎఫ్8 చేరిన గుర్రం ఇరవై అయిదో ఎత్తుకు కూడా అక్కడే కట్టేసి ఉంది. గడ్డి వేస్తున్నారా?"

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఆట ముగిసిన రోజు రాత్రే, ఇంజిన్ ఆపి ఉంచి, ప్రతి నాలుగైదు ఎత్తులకు ఒక వాక్యం రాస్తాను: ఇక్కడ నాకు భయం వేసింది, ఇక్కడ వారి ఎత్తు అర్థం కాలేదు, ఇక్కడ ఏం చేయాలో తోచక హెచ్6 ఆడాను. మర్నాడు దానిని కావలి పెద్దాయన చదువుతారు. మూడో రోజున గానీ ఇంజిన్ మీట ముట్టుకోను. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1948లో ప్రపంచ విజేత అయిన బోట్వినిక్, ఆటగాడు తన ఆటలను తానే విశ్లేషించి అచ్చు వేయించాలని, అచ్చులోకి వెళ్తే తప్పులను ఇతరులు పట్టుకుంటారని చెప్పేవాడు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయిన గుకేశ్‌ను అతని గురువు విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ ముట్టుకోనివ్వలేదన్నది చదరంగం ఆడేవారిలో చాలామందికి తెలిసిన సంగతే. వారి స్థాయికీ నా స్థాయికీ పోలిక తేవడం లేదు. ముందు సొంత బుర్ర, తర్వాత ఇంజిన్ అన్న వరుస మాత్రం ఏ స్థాయిలోనైనా ఒకటే.

మూడో రోజు ఇంజిన్‌ను ఎలా అడగాలన్నది కూడా నేర్చుకోవలసిన విషయమే. లీచెస్‌లో దాని చేత ఒకేసారి అయిదు దారుల దాకా చూపించుకోవచ్చు. నేను మూడు పెడతాను. మొదటి దారి బాగుండి మిగిలిన రెండూ చాలా వెనుకబడి ఉంటే అది టాక్టిక్స్ (వెంటనే లాభనష్టాలు తేల్చే ఎత్తులు) ఉన్న స్థానం, ఆ ఎత్తు కనబడాలి లేదా కనబడదు. మూడింటి అంచనాలూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు మాత్రం 0.31 గొప్పదా 0.28 గొప్పదా అన్న లెక్క నా వంటివారికి దండగ. ఆ మూడు దారుల్లోనూ మళ్లీ మళ్లీ కనబడే ఆలోచన ఏమిటో చూడాలి. ఒంగోలు ఆటలో పన్నెండో ఎత్తు దగ్గర మూడు దారుల మొదటి ఎత్తులు వేరు, కానీ మూడింటిలోనూ కాస్త ముందో వెనుకో నా ఎఫ్6 గుర్రం ఇ4కు చేరుతోంది. నేను ఆట మొత్తంలో ఒక్కసారి కూడా ఊహించని గడి అది. తెల్లవారు మంత్రి వైపు నడుస్తుంటే నేను రాజు వైపు నడవాలన్న మాట ఇంజిన్ తన నోటితో చెప్పదు. 'ఈ ఎత్తు బాగుండేది' అని చూపించి ఊరుకుంటుంది. కారణాన్ని మనమే మాటల్లో పెట్టుకోవాలి. కారణాలు కూడా చెప్పాలని ఆశించేవారికి ఇది కొరతగానే తోస్తుంది. నాకైతే ఆ ఖాళీయే పనికొచ్చింది, ఎందుకంటే ఆ వాక్యం నేను రాయవలసి వచ్చింది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది, మిత్రులు చాలామంది తెరిచి కూడా చూడనిది, ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్. పేరు చూసి ఇది బట్టీ పట్టేవారికనుకుంటారు. అందులో మూడు అరలు ఉన్నాయి. మొదటిది మాస్టర్ల అర: 1952 నుంచి 2200 పైబడిన ఫిడే రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) గలవారు బోర్డు ముందు కూర్చుని ఆడిన ఆటలు. నా ఆటలోని పన్నెండో ఎత్తు స్థానాన్ని అక్కడ పెడితే, అదే స్థానం నుంచి ఆడిన ఆటల జాబితా వచ్చింది, ఒక్కొక్కటీ తెరిచి చివరిదాకా చూడవచ్చు. అందులో ఓ పది ఆటలు నిదానంగా నడిపి చూశాను. నల్లవారు కొందరు ఎ5 ఆడి, బంట్ల మార్పిడి తర్వాత తెరుచుకున్న ఎ వరుసను ఏనుగుకు ఇచ్చారు. కొందరు శకటును ఎఫ్5కు తెచ్చి తెల్ల గళ్ల శకట్లను మార్చుకున్నారు. కొందరు బి4 పడగానే తామే బి5 ఆడి దాడిని అక్కడే ఆపేశారు. సి6 బంటు వెనుకబడుతుంది నిజమే గానీ, గుర్రం డి7 నుంచి బి6 మీదుగా సి4 చేరి ఆ వరుసకు తలుపు వేసేసింది. ఫైలు పంపిన తరగతివారు ఆరు నెలల్లో నాకు చెప్పని సంగతి రెండు సాయంత్రాల్లో తెలిసింది.

మూడో అరలో మన పేరు పెడితే, లీచెస్‌లో మనం ఆడిన ఆటలన్నీ చెట్టులా విచ్చుకుంటాయి: ఏ ఎత్తును ఎన్నిసార్లు ఆడాం, ఎన్ని గెలిచాం, ఎన్ని ఓడాం. ఎక్స్‌చేంజ్ వేరియేషన్‌లో నల్లపావులతో నేను ఆడినవాటిలో సగానికి పైగా ఓటములే ఉన్నాయి, వాటిలో అధికభాగం అదే సి6 బంటు దగ్గర కూలాయి. ఒక్క ఆటను చూస్తే దురదృష్టమనుకుంటాం, ఇరవై ఆటలను పక్కపక్కన పేరిస్తే అలవాటని తెలుస్తుంది.

ఇంకొక సదుపాయం గురించి కూడా చెప్పాలి. విశ్లేషణ బోర్డు మీద ఏ స్థానం నుంచైనా మిత్రుడితో ఆట కొనసాగించవచ్చు. కావలి పెద్దాయనా నేనూ ఆ పన్నెండో ఎత్తు స్థానాన్ని పెట్టుకుని, పక్కకు పదిహేను నిమిషాల చొప్పున, వైపులు మార్చుకుంటూ వరుసగా కొన్ని ఆదివారాలు ఆడాం. తెల్లపావులతో ఆడినప్పుడే మైనారిటీ దాడి చేసేవారికి ఏది ఇబ్బందో నాకు ఒంటికి పట్టింది. బి5 తోయడానికి సిద్ధపడుతున్నప్పుడు ఇ4లో గుర్రం కూర్చుంటే చేయి ఎటూ ఆడదు.

చిన్న చిన్న విషయాలు కొన్ని త్వరగా చెబుతాను. ఇంజిన్ మన ఫోన్ శక్తితోనే నడుస్తుంది గనుక చాలాసేపు వదిలేస్తే ఫోన్ వేడెక్కుతుంది. మే నెలలో నెల్లూరు ఎండకు తోడు అది అవసరం లేదు, కంప్యూటర్ ఉంటే దానిమీదే చూడడం మేలు. రాసిన స్టడీని ఫైలుగా దించుకోవచ్చు, నేను నెలకొకసారి దించి దాచుకుంటాను. అక్కడి రేటింగును ఫిడే రేటింగుతో పోల్చవద్దు: లీచెస్‌లో కొత్తగా చేరిన ప్రతివారికీ లెక్క 1500 దగ్గర మొదలవుతుంది, ఫిడేలో 2024 మార్చి నుంచి 1400కు దిగువన రేటింగే లేదు, రెండూ వేరు వేరు కొలబద్దలు. ఖచ్చితత్వ శాతాన్ని చూసి మురిసిపోవడం నేను మానేశాను.

పావులను ఊరికే పోగొట్టుకునే దశలో ఉన్న పిల్లలకు ఇదంతా అక్కర్లేదు. వారికి ఎర్ర గుర్తులు, తప్పుల మీట, రోజూ కాసిని పజిళ్లు చాలు. వ్యూహం గురించి వాక్యాలు రాయమంటే చదరంగం మీదే విరక్తి పుడుతుంది. మా కళాశాల పిల్లలిద్దరి మీద ఆ ప్రయోగం చేసి భంగపడ్డాను. పావులు ఊరికే పోవడం లేదు గానీ ఆటలు పోతున్నాయి, ఎందుకు పోతున్నాయో తెలియడం లేదు అనేవారికి మాత్రం దీనికి సాటి వచ్చేది, డబ్బు ఖర్చు పెట్టినా, నేను చూసినంతలో మరొకటి లేదు. అయితే పక్కన వ్యాఖ్య రాసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషిని లీచెస్ ఇవ్వదు.

గత నెలలో నెల్లూరులో ఆడిన ఆటలో మళ్లీ అదే అమరిక వచ్చింది. బి4 పడగానే బి5 ఆడాను, గుర్రాన్ని సి4కు చేర్చాను, ఎదుటివారు చాలాసేపు తల పట్టుకున్నారు. ముప్పై ఆరో ఎత్తుకు ఏనుగును ఊరికే వదిలేసి ఓడిపోయాను. ఇంజిన్ సహజంగానే ఆ ఎత్తుకు ఎర్ర గుర్తు పెట్టింది. స్కోర్ షీట్ అంచున మాత్రం పదిహేనో ఎత్తు దగ్గర 62 అనీ, ఇరవయ్యో ఎత్తు దగ్గర 21 అనీ నా దస్తూరీలోనే ఉంది. గుర్రాన్ని సి4కు చేర్చే ఆనందంలో ఆ అయిదు ఎత్తులకే నలభై నిమిషాలు కరిగించాను. అధ్యాయంలో నా వ్యాఖ్యను పదిహేనో ఎత్తు కింద రాశాను. కావలి పెద్దాయన దాని కింద "గుర్రానికి గడ్డి మరీ ఎక్కువైంది" అని రాసి పెట్టారు.